పట్టిక మీద ఎందుకంత పగ?

వెబ్ పేజీలు తయారుచేయడం మొదలుపెట్టగానే "టేబుల్ వాడకూడదు" అనే మాట మీ చెవిన పడుతుంది. ఎందుకని అడిగితే చాలామంది కారణం చెప్పరు. పూజగదిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఈ నిషేధానికి ఒక చరిత్ర ఉంది. 1990ల మధ్యలో పేజీని నిలువు భాగాలుగా అమర్చడానికి సరైన సాధనం లేదు. అందుకని సమాచారం కోసం ఉద్దేశించిన టేబుల్ ట్యాగునే డిజైనర్లు గోడల్లా వాడుకున్నారు. పట్టికలో పట్టిక, అందులో మరొకటి. 1996లో వచ్చిన డేవిడ్ సీగెల్ పుస్తకం ఈ కిటుకుకు మంచి ప్రచారం ఇచ్చింది. అదే డిసెంబరులో సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణం వచ్చినా, బ్రౌజర్లు దాన్ని సరిగా పాటించడానికి ఏళ్లు పట్టింది. 1999 మే నెలలో డబ్ల్యూ3సి వెలువరించిన మార్గదర్శకాలు, వరుసగా చదివినప్పుడు అర్థం చెడేటట్లయితే అమరికకు పట్టిక వాడవద్దన్నాయి. ప్రధానంగా చూపులేని పాఠకుల కోసం పెట్టిన షరతు అది. నోటి నుంచి నోటికి పాకే క్రమంలో షరతు జారిపోయి నిషేధం మిగిలింది.

గండికోట యాత్రికుల కోసం మీరొక పేజీ తయారుచేస్తున్నారనుకోండి. పెన్నా లోయ, మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం ఫొటోలను పేర్చడానికి పట్టిక అక్కర్లేదు. 2017లో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చిన గ్రిడ్ ఆ పని హాయిగా చేస్తుంది. అదే పేజీలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల బస్సుల వేళలు కూడా ఇవ్వాలి. అది నిజంగా పట్టికే. నిషేధానికి జడిసి దాన్ని డివ్ ముక్కలుగా రాస్తే కంటికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్‌తో వినే ప్రయాణికుడికి మాత్రం ఉత్త అంకెలే వినబడతాయి. అది ఏ ఊరి బస్సో, వెళ్లేదో తిరిగొచ్చేదో ఆయనకెలా తెలుస్తుంది? టేబుల్, టి.హెచ్. ట్యాగులతో రాస్తే గడితో పాటు దాని శీర్షికా వినిపిస్తుంది. ఎవరి మేలు కోరి నియమం పెట్టారో వారికే అది అడ్డుపడటం కంటే విడ్డూరం ఏముంటుంది?

అలాగని పట్టుదలంతా మూఢత్వం కాదు. తెలుగును యూనికోడ్‌లోనే రాయాలనేవారితో నాకు పేచీ లేదు. ఒకప్పుడు మన దినపత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అక్షరాలు గజిబిజిగా కనబడేవి, గండికోట అని వెదికితే ఆ వార్త దొరికేది కాదు. ఇక్కడ నియమాన్ని ప్రశ్నించినవారికి వెంటనే కారణం చూపించవచ్చు.

బస్సుల వేళలను రెండు విధాలా రాసి, ఉచితంగా దొరికే ఎన్.వి.డి.ఎ. తో కళ్లు మూసుకుని వినండి. తేడాను మీ అభ్యాస పుస్తకంలో రాయండి.