బేతాళుని ప్రశ్న - బాలల కథావగాహన: ఒక పరిశీలన

1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’ మాసపత్రికలోని బేతాళ కథలను కాలక్షేప సాహిత్యంగా పరిగణించడం పరిపాటి. అయితే బాలల పదసంపద, కథావగాహనల దృష్ట్యా వీటి నిర్మాణం ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది.

‘వేతాళ పంచవింశతి’లోనివి 25 కథలు. ‘చందమామ’ అదే చట్రంలో కొత్త కథలను దశాబ్దాలపాటు ప్రచురించింది. కథ మారినా ఉపక్రమం, ఉపసంహారం దాదాపు అవే మాటలతో సాగుతాయి. ‘మౌనభంగం’ అనే సమాసానికి పిల్లలు నిఘంటువు చూడనక్కరలేదు. రాజు నోరు విప్పడం, శవంతో సహా బేతాళుడు మాయమవడం ప్రతి కథలోనూ వెంటవెంటనే జరుగుతాయి కనుక అర్థం సన్నివేశం నుంచే స్ఫురిస్తుంది. పాఠం చివరి అర్థాల పట్టికను వల్లె వేయించడం వల్ల ఈ ప్రయోజనం సిద్ధించదు.

అవగాహన విషయంలోనూ ఇదే భేదం కనిపిస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏమి అనే ప్రశ్నలకు జ్ఞాపకశక్తి చాలు. బేతాళుడు అడిగేది పాత్ర ప్రవర్తనకు గల కారణాన్ని. ఆ సమాధానం కథలోని ఏ ఒక్క వాక్యంలోనూ సిద్ధంగా ఉండదు. సంఘటనలను సమన్వయించుకొని ఊహించాలి.

అయితే ఈ నిర్మాణానికి ఒక పరిమితి ఉంది. ప్రశ్న వెలువడగానే విక్రమార్కుడే సమాధానం చెబుతాడు. ఆలోచించవలసిన పిల్లలు శ్రోతలుగా మిగిలిపోతారు. కనుక తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న దగ్గర ఆగాలి. పిల్లలు తమ తీర్పును కారణాలతో, సొంత మాటల్లో చెప్పిన తరువాతే రాజు సమాధానం చదవాలి. రాజుతో విభేదించే స్వేచ్ఛ కూడా వారికి ఉండాలి. ఆ విరామం లేనినాడు బేతాళ కథ సైతం అప్పగించవలసిన మరొక పాఠమే అవుతుంది.