జెనోవా ఆంటీ పట్టిన స్వరం

పాట పేరు అలికా. కట్టినవారు చార్లెస్ కాఆపా. ఆ పాట ఒక ఓడ గురించి. ఉకులేలే అనే చిన్న తీగల వాద్యం చకచకా నడుస్తుంటే గిటారు, బాసు దాని వెంట పరుగెడుతుంటాయి. ఉన్నట్టుండి గాయని గొంతు పైకెగసి ఒక స్వరం మీద నిలబడిపోతుంది. వాద్యాలు ఆగవు. ఒక చుట్టు తిరిగొస్తాయి, మరో చుట్టు తిరిగొస్తాయి. గొంతు అక్కడే ఉంటుంది. వినేవాళ్లు ముందు ఊపిరి బిగబడతారు, తర్వాత చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు సద్దుమణిగినా స్వరం సాగుతూనే ఉంటుంది. ఎనభై దాటిన వయసులో కూడా జెనోవా కేఆవే ఆ స్వరాన్ని నిమిషం దాటి నిలిపేవారు.

హవాయి దీవుల్లో పెద్దవాళ్లని వరస ఉన్నా లేకున్నా ఆంటీ, అంకుల్ అని పిలుస్తారు. అలా జెనోవా దీవులన్నిటికీ ఆంటీ అయ్యారు. ఆ నిమిషం పాటు నిలిచే ఊపిరిని తలుచుకుని అక్కడివాళ్లు ఇప్పటికీ మురిసిపోతారు. నాకు మాత్రం ఆ స్వరం కన్నా, దాన్ని అందుకోవడానికి ఆమె గొంతు వేసే చిన్న గెంతు మీదే ప్రాణం. హవాయి సంగీతం గుట్టంతా ఆ గెంతులోనే ఉంది.

ఆమె 1918 అక్టోబరు 31న హొనొలులులోని కాకాఆకోలో పుట్టారు. ఓఆహు దీవి ఈశాన్య తీరాన ఉన్న లాఇయే అనే చిన్న ఊళ్లో పెరిగారు. చర్చి బృందగానమే ఆమెకు సంగీత పాఠశాల. పెళ్లయింది, పన్నెండుమంది పిల్లలు. 1946లో జానీ అల్మేడా అనే అంధ సంగీతకారుడు నడిపే రేడియో కార్యక్రమంలో పాడాక పేరు ఊరూరా పాకింది. రికార్డులు వరసగా వచ్చాయి. 1966లో సొంతంగా రికార్డుల సంస్థ పెట్టారు. ఇంతటి పేరు వచ్చాక కూడా వైకీకీ తీరంలోని ఒక హోటల్లో ప్రతి గురువారం సాయంత్రం ఉకులేలే పట్టుకుని కూర్చునేవారు. 2008 ఫిబ్రవరి 25న, 89వ ఏట కన్నుమూశారు. దానికి కొన్ని వారాల ముందు వరకూ ఆ గురువారాలు ఆగలేదు.

ఇక ఆ గెంతు సంగతి. ఎవరి గొంతుకైనా రెండు అంతస్తులుంటాయి. కింద ఛాతీ నుంచి వచ్చే నిండు గొంతు, పైన సన్నగా, తేలికగా పలికే గొంతు. ఈ పై గొంతును మన సంగీతంలో దొంగ గొంతు అంటారు. కచేరీలో ఎవరైనా అందులోకి జారితే పెద్దలు మొహం చిట్లిస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ గాయకులు దాన్ని వాడతారు గానీ, కింది అంతస్తు నుంచి పైకి వెళ్లే మెట్టు వినపడకుండా నునుపు చేయడానికి ఏళ్ల తరబడి సాధన చేస్తారు. హవాయి వాళ్లు ఆ మెట్టును దాచరు, దాన్నే ఆభరణంగా పెట్టుకుంటారు. నిండు గొంతుతో పాడుతూ పాడుతూ ఒక్క అక్షరం దగ్గర గొంతును కావాలనే విరిచి పైకి విసురుతారు. ఆ విరుపు పేరు హఇ. ఈ పాట పద్ధతి పేరు లెఓ కిఎకిఎ. లెఓ అంటే గొంతు, కిఎకిఎ అంటే ఎత్తయినది.

హఇ అన్న మాటను మీరే పలికి చూడండి. 'హాయి' అన్నట్టు కలిపేయకూడదు. హ అని, గొంతులో లిప్తపాటు ఆపి, ఇ అనాలి. మన పిల్లలు అన్నం వద్దని "ఊ... ఊ" అంటూ మారాం చేసేటప్పుడు రెండు ఊల మధ్య గొంతులో చిన్న అడ్డు పడుతుంది కదా, అదే ఇది. హవాయి భాషలో అది ఒక హల్లు. దాని పేరు ఓకీనా. మాట మాటకూ ఓకీనాలు తగిలే భాషలో, గొంతు క్షణం సేపు మూసుకుని తెరుచుకోవడం పుట్టుకతో వచ్చే అలవాటు. ఆ తెరుచుకునే క్షణంలో గాయని పై అంతస్తులోకి ఎగురుతుంది. పాట విరుపు, భాష విరుపు ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి.

భాష చేసే మేలు ఇంకొకటి ఉంది. తెలుగును అజంత భాష అని గర్వంగా చెప్పుకుంటాం. హవాయి భాష ఆ విషయంలో మనకన్నా నాలుగడుగులు ముందుంది. అందులో ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. సంయుక్తాక్షరమన్నది లేనే లేదు. అయిదు అచ్చులు, ఓకీనాతో కలిపి ఎనిమిది హల్లులు, అంతే భాష. అచ్చులకు మనకులాగే హ్రస్వాలూ దీర్ఘాలూ ఉన్నాయి. నోరు తెరిచే ఉండే భాష గాయకుడికి వరం. ఏ అక్షరం మీదైనా నిలబడవచ్చు, ఎంతసేపైనా సాగదీయవచ్చు. అలికాలో జెనోవా అంతసేపు నిలవగలిగారంటే ఆమె ఊపిరితిత్తుల బలంతో పాటు ఆ తెరుచుకున్న అచ్చుకూ అందులో వాటా ఉంది.

ఈ పాటలు హులా అనే నాట్యం కోసం పుట్టినవి. హులా అంటే నడుం ఊపడం అనుకుంటారు బయటివాళ్లు. నిజానికి హులాలో కథ చెప్పేవి చేతులు. కొండ, వాన, అల, పూలదండ, అన్నీ చేతుల్లో కనబడతాయి. కాబట్టి గాయని నాట్యకత్తెలను దాటి పోకూడదు. ఒక చరణం అయ్యాక వాద్యాలు చిన్న ముక్తాయింపు లాంటిది వాయిస్తాయి. ఆ ఖాళీలో గాయని రాబోయే చరణం మొదటి మాటల్ని కేకవేసి అందిస్తుంది. దాన్ని కాహేఆ అంటారు. చివరి చరణంలో "ఇక కథ చెప్పడమైంది" అన్న అర్థం వచ్చే మాట పడుతుంది. త్యాగయ్య కృతి చివర ముద్ర వినగానే కీర్తన ముగింపుకొచ్చిందని మనకు తెలిసినట్టే, ఆ మాట వినగానే హులా ఆడేవాళ్లకు తెలిసిపోతుంది. జెనోవా లయ ఎప్పుడూ నాట్యానికి ఒదిగి ఉండేది. 1960లలో ఆమె పాడిన 'పార్టీ హులాస్' అనే రికార్డు హులా నేర్చుకునేవాళ్లకు పాఠ్యపుస్తకంలా పనిచేసింది.

పాటల్లో కవోనా అనే లోపలి అర్థం కూడా ఉంటుంది. మన శ్లేష లాంటిదే. పైకి ఓడ ప్రయాణం, లోపల ప్రేమ కథ. పూవు అంటే పూవే కానక్కర్లేదు, వాన అంటే వానే కానక్కర్లేదు. మాట తెలియనివాడికి ఒక పాట, తెలిసినవాడికి మరో పాట. ఆ మాటలు పోతే మిగిలేది బాణీ ఒక్కటే.

ఆ మాటలు నిజంగానే పోయే దశకు వచ్చాయి. 1893లో హవాయిని ఏలుతున్న లిలిఉఓకలాని రాణిని గద్దె దింపారు. ఆమె స్వయంగా గొప్ప పాటల రచయిత్రి. 1896లో బడుల్లో ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం వచ్చింది. 1898లో అమెరికా దీవులను కలుపుకుంది. సొంత భాష మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడిన రోజులవి. జెనోవా పుట్టేనాటికి ఒక తరం అలా గడిచిపోయింది. హోటళ్లలో పర్యాటకుల కోసం ఇంగ్లీషు మాటలు కలిపిన పాటలు రాజ్యమేలుతుంటే ఆమె హవాయి మాటలున్న పాత పాటలను పాడుతూనే వచ్చారు. అడిగినవాళ్లకు నేర్పుతూ వచ్చారు. 1978లో హవాయి భాష మళ్లీ రాష్ట్ర అధికార భాషల్లో ఒకటైంది. 1984లో ఆ భాషలోనే నడిచే పూనన లెఓ అనే పసిపిల్లల బడులు మొదలయ్యాయి. ఆ పేరుకు అర్థం గొంతుల గూడు. ఆ గూటికి పుల్లలు ఏరి దాచినవాళ్లలో జెనోవా లాంటి గాయకులూ ఉన్నారు. బడిలోంచి తరిమేసిన భాష పాటలో తలదాచుకుంది.

ఆమె ఊరు లాఇయేకు మనతోనూ ఒక లంకె ఉంది. ఒడిలో పడుకోబెట్టి తీగల మీద ఉక్కుకడ్డీ జరుపుతూ వాయించే గిటారుకు ఆద్యుడిగా చెప్పే జోసెఫ్ కెకూకు ఆ ఊరివాడే. అక్కడే పెరిగిన టావ్ మోఏ కుటుంబంతో దేశాలు తిరుగుతూ 1940లలో కలకత్తాలో కొన్నేళ్లు ఉన్నాడు. ఆ వాద్యం మన దేశంలో వేళ్లూనడానికి సాయపడ్డాడు. ఆ వంశంలోనిదే విశ్వమోహన్ భట్ మోహనవీణ. మన పాత సినిమా పాటల్లో తీగ సాగినట్టు జారే హవాయన్ గిటారును వింటూ పెరిగినవాళ్లం మనం. ఆ జారుడు హవాయి గొంతుకు దగ్గరి చుట్టమని జెనోవా పాట విన్నాకే తెలుస్తుంది.

2000లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, ఆమెకు దక్కింది. కొడుకు గ్యారీ ఐకో, మనవరాలు పోమైకై ఆ పాటను అందుకున్నారు. 1990ల నుంచి ఏమీ హానైఅలిఇ వంటి గాయనులు ఆడగొంతు హఇకి కొత్త ఊపిరి పోశారు. అయితే నా లెక్కలో ఆమె అసలు వారసత్వం బిరుదుల్లో లేదు. గొంతు విరిగే చోటును లోపమనుకుని దాచుకోనక్కర్లేదని, అక్కడే పాటకు అందం వస్తుందని ఒక జీవితమంతా పాడి చూపించారు.

అలికా పాట దొరికితే తప్పక వినండి. స్వరం ఎన్ని క్షణాలు నిలిచిందో లెక్కపెట్టకండి. అది మొదలయ్యే చోట, గొంతు కింది మెట్టు వదిలి పై మెట్టు అందుకునే ఆ లిప్తపాటు మీద చెవి పెట్టండి. జెనోవా ఆంటీ అక్కడే ఉంటారు.