బెల్‌ఫాస్ట్ గట్టున జ్ఞానపు చేప

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో, లాగన్ నది పక్కన డొనెగల్ కీ అనే గట్టు మీద 10 మీటర్ల పొడవున నీలి చేప ఒకటి ఉంది. 1999లో జాన్ కైండ్‌నెస్ అనే శిల్పి చేసిన దీని పేరు ‘జ్ఞానపు సాల్మన్’. ఊరివాళ్ళు మాత్రం ‘బిగ్ ఫిష్’ అంటారు. దూరం నుంచి చూసి వెళ్ళిపోతే సగమే చూసినట్టు. దగ్గరికి వెళ్ళి దాని ఒళ్ళు చదవాలి.

ఆ ఒళ్ళంతా బొమ్మలూ అక్షరాలూ అచ్చువేసిన పింగాణీ పలకలే. పత్రికల శీర్షికలు, నగర చరిత్రకు చెందిన చిత్రాలు, బడిపిల్లలు గీసిన బొమ్మలు వాటి మీద ఉన్నాయి. పాత సామగ్రిలో చాలావరకు అల్స్టర్ మ్యూజియం ఇచ్చింది. కడుపులో ఒక కాలపేటిక కూడా ఉంది. ఎండావానలకు వెలిసిపోని పింగాణీని ఎంచుకోవడంలోనే శిల్పి పనితనం తెలుస్తుంది. పిల్లలు తడిమినా పాడవదు.

ఆ పేరు వెనకున్న కథ బోయిన్ నదిది. తొమ్మిది హేజెల్ చెట్ల కాయలు బావిలో రాలితే, అవి తిన్న సాల్మన్‌కు లోకజ్ఞానమంతా అబ్బింది. ఆ చేప కోసం ఫినెగస్ అనే కవి ఏడేళ్ళు కాచుకున్నాడు. చివరికి దొరికింది. వండమని శిష్యుడు ఫిన్‌కు ఇచ్చి, రుచి చూడొద్దన్నాడు. చేపను తాకి కాలిన బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు కుర్రవాడు. జ్ఞానం అతనికే దక్కింది.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది చెట్టుకూ నీటికీ చేపకూ ఉన్న ముడి. ఒడ్డున చెట్లుంటే నీరు చల్లగా ఉంటుంది, కొమ్మల నుంచి రాలే పురుగులు సాల్మన్ పిల్లలకు ఆహారమవుతాయి. పులస గోదావరికి ఎదురెక్కినట్టే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, తాను పుట్టిన నదిని వాసనతో పోల్చుకుని, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టడానికి వస్తుంది. ప్రాణవాయువు నిండిన చల్లటి నీరు లేకపోతే ఆ గుడ్లు బతకవు.

లాగన్‌లో ఆ నీరు చాలాకాలం లేకుండా పోయింది. పరిశ్రమల మురుగు, ఊళ్ళ మురుగు నదిలో కలిశాయి. లినెన్ బట్టకు పేరుపడ్డ ప్రాంతమది. నార తీయడానికి అవిసె మొక్కల కాడల్ని నానబెట్టిన గుంటల నీరు వాగుల్లోకి వదిలితే, అందులోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చచ్చేవి. ఆటుకు బయటపడే బురద కంపు మరొకటి. నీటిమట్టం పడిపోకుండా 1994లో లాగన్ మీద గేట్ల కట్ట కట్టారు, నదిని శుభ్రం చేశారు. చేపలు తిరిగొచ్చిన సంబరానికే ఈ శిల్పాన్ని నిలిపారు.

నిలిపిన చోటు ఇంకా గొప్పది. ఫార్సెట్ అనే చిన్న నది లాగన్‌లో కలిసేది ఇక్కడే. బెల్‌ఫాస్ట్‌కు పేరిచ్చిన నది అదే. ఇప్పుడది హై స్ట్రీట్ కింద సొరంగంలో పారుతోంది. తన పేరుకు మూలమైన నదిని కప్పేసి, దాని ముఖద్వారాన చేపకు విగ్రహం కట్టిన నగరమిది. సంబరం నిజమే, బాకీ కూడా నిజమే. అట్లాంటిక్ సాల్మన్‌ను 2023లో ఐయూసీఎన్ ‘ప్రమాదపు అంచున ఉన్న’ జాతుల్లో చేర్చింది. కాబట్టి ఈ పలకల మీద రాసింది చదివినవాళ్ళు పక్కనున్న కట్ట దాకా నడిచి, నీటి రంగు కూడా చూడాలి. మురుగు ఎక్కడ కలుస్తోందో, ఒడ్డున చెట్లు ఎంతవరకు మిగిలాయో నగరాన్ని అడగాలి.