ఇద్దరూ మంచివాళ్లైతేనే చిక్కు

కథలు రాసే కుర్రాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు చదివి చెప్పమని నాకు స్క్రిప్టులు పంపుతుంటారు. వాటిలో పదే పదే ఎదురయ్యే కథ ఒకటుంది. ఇరవై ఏళ్ల అబ్బాయి. ఒక పక్క ప్రాణస్నేహితుడు. ఇంకో పక్క ప్రేమించిన అమ్మాయో, తోబుట్టువో, నలుగురికీ జరగాల్సిన న్యాయమో. రెంటిలో ఒకటే దక్కుతుంది. ముప్పావు వంతు కథ బాగానే నడుస్తుంది. తీరా తేల్చుకోవాల్సిన చోటుకొచ్చేసరికి, ఆ స్నేహితుడు మొదట్నుంచీ మోసగాడేనని బయటపడుతుంది. హీరో దులుపుకుని వెళ్లిపోతాడు. రాసినవాడికీ హాయి, చూసేవాడికీ హాయి. నాకు మాత్రం అన్నం వడ్డించి, కలుపుకునేలోగా విస్తరి లాగేసినట్టుంటుంది.

మోసగాణ్ని వదిలెయ్యడానికి తెగువెందుకు? అతను మంచివాడైనా, నీకు మేలు చేసినవాడైనా వదలాల్సి వస్తే అదీ కష్టం. లేదా అతనిది తప్పని తెలిసీ వదల్లేకపోతే, అదింకా కష్టం.

ఈ రెండో కష్టానికి మనకు పెద్ద బాలశిక్ష కర్ణుడే. అయితే అతని గొప్పతనం స్నేహంకోసం చావడంలో ఉందని మనం సులువుగా అనేస్తాం. రాసేవాడి కంటితో ఉద్యోగపర్వం చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ని రథమెక్కించుకుని పుట్టుక గుట్టు విప్పుతాడు. కుంతి పెద్దకొడుకువి నువ్వే, రాజ్యమూ నీదే అంటాడు. కర్ణుడు కాదంటాడు. రాధా అధిరథులు పెంచిన పెంపకం, దుర్యోధనుడు తనని నమ్ముకునే యుద్ధానికి దిగడం, ఇవీ అతను చెప్పే కారణాలు. గెలుపు పాండవులదేనని కూడా అతనికి తెలుసు. పైగా ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దంటాడు. తెలిస్తే అతను రాజ్యం నా చేతిలో పెడతాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అంటాడు.

ఆ చివరి మాట దగ్గర ఎప్పుడు చదివినా ఆగిపోతాను. కర్ణుడికి తెలియనిదేమీ మిగల్లేదు. తానెవరో తెలుసు, అవతలివాళ్లు తమ్ముళ్లని తెలుసు, ఓడిపోతామని తెలుసు. తెలియక చేసిన పని పొరపాటవుతుంది. అన్నీ తెలిసి చేసినదే ఎంపిక. మన స్క్రిప్టుల్లో చాలామటుకు గుట్టు తర్వాత విప్పుతారు. నిజం తెలిసేసరికి హీరో చెయ్యాల్సింది చేసేసి ఉంటాడు, తర్వాత కుమిలిపోతాడు. జాలేస్తుంది. కానీ ఆ జాలి అతని ఖర్మమీద, అతని నిర్ణయం మీద కాదు.

ఇలాంటివి మన ప్రేక్షకుడు తట్టుకోలేడు, చివర్లో వాడికి ఊరట కావాలి అని ఇండస్ట్రీలో ఒక మాటుంది. నేనొప్పుకోను. 1977లో ఎన్టీఆర్ తీసిన ‘దాన వీర శూర కర్ణ’ దాదాపు నాలుగు గంటల సినిమా. జనం అంతసేపూ కూర్చుని ఓడిపోయేవాడి కథ చూశారు, మళ్లీ మళ్లీ చూశారు. కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ ముగ్గురూ ఆయనే. ఋణపడ్డవాడూ, ఋణమిచ్చినవాడూ, ఆ ఋణం వదిలేసి రమ్మనేవాడూ ఒకే ముఖంతో కనిపిస్తుంటే ఇక ప్రేక్షకుడు ఎవర్ని ద్వేషించాలి?

అదే కథని మణిరత్నం 1991లో ‘దళపతి’గా మన కాలానికి తెచ్చారు. అందులో ఆయన మార్చిన ఒక్క విషయం నాకు పాఠం. భారతంలో కర్ణుడు తనకోసం ఏం వదులుకున్నాడో దుర్యోధనుడికి తెలియదు. సినిమాలో దుర్యోధనుడి స్థానంలో ఉన్న దేవరాజుకి తెలుస్తుంది. కలెక్టరు, కర్ణుడి స్థానంలో ఉన్న సూర్యకి తమ్ముడని, ఆ సంగతి తెలిసి కూడా సూర్య తన పక్కనే నిలిచాడని తెలిశాక, దేవరాజు పంతం సడలించి లొంగిపోవడానికి సిద్ధపడతాడు. విశ్వాసం రెండు వైపులా నడిచింది. ఒకడు వదులుకుంటే, అది చూసి రెండోవాడూ వదులుకున్నాడు. ఆ తర్వాత విలన్ చేతిలో దేవరాజు పోవడం, సూర్య పగ తీర్చుకోవడం సినిమా లెక్కలు. అసలు కథ అప్పటికే అయిపోయింది.

గుట్టు ఎప్పుడు విప్పాలన్న లెక్కకి ‘ఆర్ఆర్ఆర్’ (2022) మంచి ఉదాహరణ. తెల్లవాడి పోలీసుగా ఉన్న రామ్, ప్రాణస్నేహితుడు భీమ్‌ని పదిమందిలో కొరడాతో కొడతాడు. అతను ఆ ఉద్యోగంలో ఎందుకున్నాడో, చిన్నప్పుడు తండ్రి ఆజ్ఞమీద ఆ తండ్రివైపే తుపాకీ పేల్చిన పిల్లాడు ఏ మాట మోస్తూ బతుకుతున్నాడో, అదంతా మనకి కొరడా కంటే ముందే చూపించేశారు. ఆ ఫ్లాష్‌బ్యాకు తర్వాత వచ్చి ఉంటే ‘ఓహో, అందుకా’ అనుకునేవాళ్లం. ముందే రావడంతో ప్రతి దెబ్బా ఇద్దరిమీదా పడుతుంది. భీమ్ మోకాలు వంచితే బాగుండునని అనిపిస్తుంది, వంచితే ఊరుకోలేమనీ అనిపిస్తుంది. ఆశ్చర్యం ఒక్క క్షణం ఉంటుంది, ఆ తపన సీనంతా ఉంటుంది. సీన్ల వరస మార్చడమంటే ప్రేక్షకుణ్ని ఎక్కడ నిలబెడతామో మార్చడమే.

ఇలాంటి ఇరకాటాలు కుర్రాళ్లకే ఎందుకు రాస్తామంటే, పెద్దవాళ్ల దగ్గర సాకులుంటాయి. పిల్లల చదువులు, ఇంటిమీద అప్పు, పరువు. ఇరవై ఏళ్లవాడికి అవేవీ అడ్డం రావు. పైగా వాడి ఋణాలు వాడు కోరి చేసినవి కావు. కురుకుమారుల విద్యాప్రదర్శనలో కులం అడిగి కర్ణుణ్ని తలవంచేలా చేసిన క్షణాన, అంగరాజ్యమిచ్చి నిలబెట్టినవాడు దుర్యోధనుడు. ఆ వయసులో అవమానం జరిగినచోట చెయ్యందించినవాణ్ని మనిషి జన్మలో మర్చిపోడు. ఆ చెయ్యి ఎవరిదన్నది తర్వాత ఆలోచిస్తాడు. దేవకట్టా ‘ప్రస్థానం’లో (2010) మిత్రకి చిక్కు అదే. కన్నకొడుకుని కాదని తనని వారసుడిగా పెంచిన మారుతండ్రి, ఆ కన్నకొడుకు ఘోరం చేసినప్పుడు వాణ్ని కాపాడుకోబోతాడు. ఆ తండ్రికి కూడా తన వైపు వాదన వినిపించే అవకాశం ఇచ్చారు కనుకే సాయికుమార్ పాత్ర ఇన్నేళ్లైనా గుర్తుంది. ఇరవై ఏళ్లవాడికి ఋణం తీర్చడం తెలుసు. కొలవడం ఇంకా తెలీదు. ఎంత తీరిస్తే చాలో తెలుసుకోవడమే మిత్ర కథ.

మరి చివర్లో ఊరట ఇవ్వనే కూడదా? ఇవ్వొచ్చు, మూల్యం చెల్లించాక. చిలకమర్తివారి ‘గయోపాఖ్యానం’ ఊరూరా ఆడిన నాటకం. గయుణ్ని చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. అది తెలియక గయుడికి అభయమిచ్చాడు అర్జునుడు. తెలిశాకా మాట వెనక్కి తీసుకోడు. అన్నకీ భర్తకీ మధ్య సుభద్ర నలిగిపోతుంది. చివరికి శివుడొచ్చి యుద్ధం ఆపుతాడు. దాన్ని తప్పించుకోవడం అనను. ఎందుకంటే శివుడొచ్చేసరికే అర్జునుడు బావమీద విల్లెక్కుపెట్టాడు. దేవుడు మార్చింది ఫలితాన్నే. నిర్ణయం అర్జునుడిదే.

అందుకే స్క్రిప్టులు పంపే పిల్లలకి ఒకటే పని చెబుతుంటాను. మీ హీరో ఎవర్ని వదిలి వెళ్తున్నాడో ఆ మనిషి చేత ఒక పేజీ మాట్లాడించండి. అందులో అబద్ధం ఉండకూడదు, ఏడిపించే ఎత్తు ఉండకూడదు. అతనికి న్యాయంగా ఎంత బలముందో అంతా ఇవ్వండి. అది చదివాక కూడా మీ హీరో వెళ్లగలిగితే వెళ్లనివ్వండి. వెళ్లలేకపోతే కథ మార్చండి. అంతేకానీ, ఆ పెద్దమనిషి జేబులో కత్తి మాత్రం దొరకనివ్వకండి.