‘కొరత వేయు’: అర్థనిర్ణయం

నేటి వాడుకలో ‘కొరత’ అంటే లోటు. ప్రాచీన సాహిత్యంలో ‘కొరత వేయు’ అంటే దోషిని వాడి కొయ్యకు గుచ్చే మరణశిక్ష. ఆ కొయ్య కొఱ్ఱు, సంస్కృతంలో శూలం. లోటు అనే అర్థంలో ఈ పదం ‘ఉండు, ఏర్పడు, తీరు’ క్రియలతోను, శిక్షార్థంలో ‘వేయు’తోను చేరుతుంది. కనుక అర్థనిర్ణయానికి క్రియే ఆధారం.

అయితే దీనిని ‘ఉరి తీయడం’గా బోధించడం పొరపాటు. భారతం ఆదిపర్వంలోని మాండవ్యుని కథే ఇందుకు నిదర్శనం. చేయని దొంగతనానికి శూలమెక్కిన ముని మరణించలేదు. దాని మొన దేహంలో మిగిలిపోగా అణిమాండవ్యుడయ్యాడు. బాల్యంలో కీటకాలను పుల్లతో గుచ్చిన ఫలమే అది అంటాడు యముడు. గుచ్చిన తప్పుకు గుచ్చే శిక్ష. ఉరి అన్నామా, ఆ సామ్యమూ ముని పేరూ రెండూ నిరర్థకాలవుతాయి.