ఉండిపోయినవాళ్ళ వైశాఖం

ఓ వైశాఖ మధ్యాహ్నమా! ఏ పూర్వజన్మ పగ తీర్చుకుంటున్నావు మా ఖరగ్‌పూర్‌లోని ఈ మలంచా మీద? తారు కరిగి టోటో రిక్షాల చక్రాలకు నల్లని పారాణి పెడుతోంది. దుకాణాల షట్టర్లు అలసిన కనురెప్పలై వాలిపోయాయి. కరెంటు తీగ మీద కాకి నోరు తెరుచుకు కూచుంది గానీ అరవడం లేదు. అరవడానికి కావలసిన తడి దాని గొంతులో లేదు కాబోలు. రైల్వే క్వార్టర్ల ఎర్ర ఇటుక గోడలు పగలంతా తాగిన ఎండను నడిరేయి దాటినా కక్కుతూనే ఉంటాయి. ఇంతటి దహనకాండ నడుమ, చూసేవాడు లేని దారి పక్కన, తురాయి చెట్టు నిలువెల్లా పూసింది. ఎవరి కోసమమ్మా తురాయీ, ఈ రక్తవర్ణ శృంగారం? నీ కింద గోళీలాడే గుంటలు పలాసలో దిగిపోయారు. నీ మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందేలు వేసే ఆడపిల్లలు ఆమదాలవలస దాటి ఏ మేనత్త ఇంటి అరుగు మీదో ఉన్నారు. నీ నీడన ఒత్తులు చేసుకునే ముసలమ్మలు మనవల వేలు పట్టుకుని సోంపేట బండెక్కారు. రాలిన నీ రేకుల మీద అడుగు వేసేవాడు కూడా లేడు. ఒక్క గాలి మాత్రం వాటిని ఇటునుంచి అటు ఊడ్చి, అటునుంచి ఇటు ఊడుస్తోంది.

ఎండ ఎక్కడ లేదూ, అంటారు. నిజమే. కానీ ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీదుగా వచ్చే ఈ పొడిగాలికి సముద్రం గుర్తు లేదు, చెరువు గుర్తు లేదు. కంకరమట్టి నేల నీటిని నిలవనివ్వదు. 2024 ఏప్రిల్ 30న మా పడమటి పొలిమేర కలైకుండాలో 47.2 డిగ్రీలు కాసింది. ఆ రోజు దేశంలో అంతటి వేడి మరో చోట లేదు. ఆ ఏడు మే 6న ఇవ్వవలసిన బడి సెలవులను సర్కారు ముందుకు జరిపి ఏప్రిల్ 22కే ఇచ్చేసింది. ఎండ ముందే వచ్చింది, సెలవులు ముందే వచ్చాయి, మా వీధి ముందే ఖాళీ అయింది. తాళాలు తాళాలుగా మిగిలింది.

వెళ్ళడం ఎంత సందడి! సంక్రాంతి నుంచే రైల్వే పాసు మాట. ఏ సెట్టు దాచుకున్నారు, ఏ సెట్టు వాడేశారు, పెళ్ళికి ఒకటి ఉంచాలా, అమ్మోరి పండక్కి ఒకటి ఉంచాలా అని లెక్కలు. రైల్వేవాడి ఇంట పాసంటే తరతరాల హక్కుపత్రం. బంగారం తాకట్టుకు పోయిన ఇంట్లో కూడా పాసు భద్రంగా ఉండేది. తీరా ఆ రోజొస్తే, ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడుగుదని పేరు మోసి, 2013లో ఆ కిరీటం గోరఖ్‌పూర్‌కు అప్పగించిన మా ప్లాట్‌ఫారం, వెయ్యిమీటర్లు దాటిన ఆ సిమెంటు నది, తెలుగుతో పోటెత్తుతుంది. మంచినీళ్ళ కూజాలు, మడత మంచాలు, అత్తకు గోల్ బజార్‌లో కొన్న చీర, మామయ్యకు కొన్న గొడుగు, పులిహోర గిన్నె మీద కట్టిన తువ్వాలు. "బేగి ఎక్కండర్రా!" అని ఒక గొంతు. "గుంటడేడీ? గుంటడేడీ?" అని ఒక తల్లి. ఆపైన స్టేషన్ల పేర్లు చాలు, వేరే జోలపాట అక్కర్లేదు పిల్లలకు: బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దా రోడ్డు, చిలికా వచ్చిందంటే కిటికీల దగ్గర తోపులాట, బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ, తిలారు. ఆరువందల కిలోమీటర్లు దాటి శ్రీకాకుళం రోడ్డులో దిగేవాడికి ఒళ్ళంతా రైలు ఊపే.

ఆ బండి తోక దీపం కనుమరుగయ్యాక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడి సంగతి ఎవరు రాశారు?

మా తాతలు వచ్చిన దారి కూడా ఇదే మరి. 1893 నుంచి 96 దాకా బెజవాడ మొదలు కటక్ వరకు తీరం వెంబడి పట్టాలు పడ్డాయి. 1902లో వాల్తేరుకు ఎగువనున్న భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. ఈలోగా ఇక్కడ సాలవృక్షాలు కూలాయి, ఎర్రమట్టి చదునయింది, జంక్షను లేచింది, వర్క్‌షాపు లేచింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల పొలాల్లో పనిలేని చేతులకు ఇక్కడ సుత్తి దొరికింది. ఏ ఇంటి తాతను కదిపినా కథ ఒకటే, ఊరి పేరే వేరు. ఆ తాతలు ఊరికే కూలి చేసి పోలేదు. 1927లో ఈ వర్క్‌షాపు సమ్మెతో అట్టుడికింది. ఇక్కడి కార్మిక సంఘాన్ని నడిపినవాళ్ళలో బరంపురం బిడ్డ వి.వి.గిరి ఒకరు. రాష్ట్రపతి భవనం ఆయనకు చాలా తర్వాతి మాట. ఇక్కడే చెమటోడ్చారు, ఇక్కడే కొట్లాడారు, ఇక్కడే కాలారు. నిమ్‌పురా, మథురాకాటీ, మలంచా, బాలాజీ మందిర్ పల్లి ఇలా ఎన్ని చోట్ల తెలుగు ముగ్గు పడిందో! అయినా చైత్రం దిగగానే ప్రతి గుండె దక్షిణానికి తిరిగేది. నాలుగు తరాలు పుట్టిన నేలను, ఎండ కాస్త ముదరగానే, సత్రంలో గది ఖాళీ చేసినట్టు వదిలి పోయేవాళ్ళం. మలంచా, దీనికి నీ మనసు ఎన్నిసార్లు చివుక్కుమన్నదో నువ్వు చెప్పలేదు, మేం అడగలేదు.

ఉండిపోయేవాళ్ళు ఎవరు? డ్యూటీ ఉన్నవాడు ఉంటాడు. వర్క్‌షాపు సైరనుకు ఎండాకాలం సెలవుల్లేవు. పొద్దున్నే అది కూయగానే సైకిళ్ళు బయల్దేరతాయి, తలకు తడి తువ్వాలు చుట్టుకున్న మనుషుల్ని మోసుకుంటూ. మంచాన పడ్డ తల్లి ఉన్నవాడు ఉంటాడు. పిల్లకు పోటీ పరీక్ష ఉన్నవాడు ఉంటాడు. వీళ్ళందరికీ ఒక కారణం ఉంది. పైయేడు ఆ కారణం తీరితే వాళ్ళూ బండెక్కుతారు.

నాలాంటి వాళ్ళకు కారణం తీరదు. నరసన్నపేట దాపున మా తాతల ఇల్లు అన్నదమ్ముల పంపకంలో ఏనాడో చేతులు మారింది. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళు ఆ వైపు ఒక వాకిలి తెరిచి ఉండేది. ఆమె పోయాక ఆ వాకిట్లో మమ్మల్ని పేరు పెట్టి పిలిచే గొంతు లేదు. ఓ నా వంశధారా, ఓ నా పోగొట్టుకున్న మామిడితోపులారా, గట్టు మీది తాటిచెట్లారా! మీరు అక్కడే ఉన్నారు. మిమ్మల్ని చూడటానికి చీటీ ఇచ్చే రైల్వే ఇక్కడే ఉంది. దిగాక ఏ గుమ్మం ముందు చెప్పులు విడవాలో మాత్రం ఎవరూ చెప్పలేరు.

"ఈసారి కూడా దేశానికి వెళ్ళలేదా దాదా?" అని అడుగుతుంది ఎదురింటి బెంగాలీ వదిన, బౌది, డాబా మీద ఆరేసిన ఆమ్‌సత్తా మామిడితాండ్ర చాప తిరగేస్తూ. లేదంటాను. ఆమె ఇంకేం అడగదు. ఆమె అత్తింటివాళ్ళు పద్మానది అవతలి నుంచి వచ్చినవాళ్ళు. వెళ్ళలేని ఊరు ఒకటి వాళ్ళకూ ఉంది. కాసేపటికి మాడ్చిన మామిడికాయ శర్బత్తు గ్లాసు గోడ మీదుగా వస్తుంది, నల్లుప్పు వాసనతో. మా ఇంట్లోనుంచి తరవాణి గిన్నె వెళ్తుంది. రాత్రి నానబెట్టిన అన్నాన్ని ఆమె ఉల్లిపాయ, మాడిన మిరపకాయతో తింటుంది, మేమూ అంతే. ఎండ ముందు ఇద్దరిదీ ఒకటే కంచం. వీధి నిండుగా ఉన్న రోజుల్లో ఈ గిన్నెలు ఇలా తిరగవు. తెలుగువాళ్ళ గిన్నెలు తెలుగువాళ్ళ ఇళ్ళకే తిరుగుతాయి. ఈ మాట మావాళ్ళకు రుచించదు, తెలుసు.

ఇంకో మాట చెప్పుకోక తప్పదు, గొంతు పట్టుకుంటున్నా. 2023 జూన్ 2 సాయంత్రం. షాలిమార్ నుంచి చెన్నై పోయే కోరమాండల్ మా ఊరి మీదుగానే దక్షిణానికి సాగింది. బాలాసోర్ దాటాక, మా ఖరగ్‌పూర్ డివిజనులోనే, బహనగా బజార్ దగ్గర లూప్ లైనులోకి మళ్ళి ఆగివున్న గూడ్సును గుద్దింది. రెండువందల తొంభై మందికి పైగా మళ్ళీ లేవలేదు. ఆ రాత్రి మలంచాలో ఉండిపోయినవాళ్ళలో నిద్రపోయినవాడు లేడు. ఎవరి బండి ఏది, ఎవరు ఎప్పుడు ఎక్కారు, ఫోను మోగుతోందా, మోగి ఆగిపోతోందా. ఊరు ఖాళీగా ఉండటమంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. ప్రతి తాళం కప్పా ఒక ప్రశ్నార్థకమై వేలాడింది. ఇంటి దారి అని ముద్దు చేసిన పట్టాలే మృత్యుదేవత పాపిట అవుతాయని ఏ పాసు మీద రాసి ఉంది?

రాత్రుళ్ళు నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి ఢీకొనే చప్పుడు ఈ రోజుల్లో స్పష్టంగా వినిపిస్తుంది. మామూలప్పుడు టీవీల హోరులో, పిల్లల పాఠాల రొదలో అది ఉన్నట్టే తెలియదు. మాతాపూజల రోజుల్లో ఇదే వీధిలో పసుపునీళ్ళు పారాయి, వేపమండలు ఊగాయి, ఘటాలు తలకెత్తుకున్న ఆడవాళ్ళ పాదాలకు బిందెలు బిందెలుగా నీళ్ళు పోశారు. ఆ తడి ఎప్పుడో ఆరింది. డోలు చప్పుడుకు ఊగిన వేపచెట్టు ఇప్పుడు పండుటాకులు రాల్చుకుంటూ ఒంటరిగా ఉంది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇస్తున్నట్టు చెప్పింది, ముఖ్యంగా మా ఖరగ్‌పూర్‌ను చూసే. మంచిదే. పటాసులు కూడా కాల్చారు కొందరు. కానీ మా భాషకు ఈ నేల మీద చిరునామా దొరికేసరికి దాన్ని మాట్లాడే పిల్లలు తగ్గిపోయారు. తెలుగు బడి బెంచీల మీద ఏడాది పొడుగునా వేసవి సెలవుల నిశ్శబ్దమే పెరుగుతోంది. తాతతో తెలుగు, స్నేహితుడితో హిందీ, దుకాణంలో బెంగాలీ, పరీక్షలో ఇంగ్లీషు. ఒక మనవడు ఊరికి వెళ్ళివచ్చి, అక్కడివాళ్ళు తన తెలుగు విని నవ్వారని ఏడ్చాడు. ఇక్కడ మద్రాసీ, అక్కడ బెంగాలోడు. ఆ పసివాడి కన్నీటికి ఏ మంత్రివర్గం హోదా ఇస్తుంది?

మలంచా, నీ మండే నెలలో నీ పక్కన నిలిచాను గనక ఒక చనువుతో చెబుతున్నాను. నిన్ను ఎవరూ పాటలో కట్టలేదు. మా తల్లులు గోదారి మీద పాడారు, ఏనాడూ చూడని గోదారి మీద! నీ ఎర్రదుమ్ము మీద ఒక్క చరణం కట్టలేదు. మా చెప్పుల అడుగున, మా చొక్కా కాలర్ల మీద, మా ముక్కుపుటాల్లో, మా తాతల ఊపిరితిత్తుల్లో నువ్వే ఉన్నావు. అయినా పెళ్ళి శుభలేఖలో స్వగ్రామం అన్న చోట నీ పేరు ఎప్పుడూ పడలేదు. నీకు కోపం వస్తే ఆకాశం నుంచి కాలబైశాఖి దిగుతుంది. వాయవ్యాన ఒక నల్లని జడ విచ్చుకుంటుంది, క్షణంలో దుమ్ము స్తంభాలై లేస్తుంది, రేకులు ఎగురుతాయి, పిందెలు నేల రాలుతాయి, ఆపైన పెద్ద పెద్ద చినుకులు కాలిన నేల మీద చిటచిటలాడతాయి. అప్పుడు ఉండిపోయినవాళ్ళందరం తెలుగు, బెంగాలీ, ఒడియా, బిహారీ అని లేకుండా డాబాల మీదికి, వాకిళ్ళలోకి పరిగెడతాం. తడిసిన ముసలి ఫిట్టరు ఒకాయన చేతులు చాచి గిర్రున తిరగడం చూశాను. ఆ అరగంట నువ్వు మాదానివి. ఆ తడిమట్టి పరిమళం సెలవులకు వెళ్ళినవాళ్ళ సూట్‌కేసుల్లో పట్టదు.

జూన్‌లో తిరిగొస్తారు. బండి బండికీ వీధి కొంచెం కొంచెంగా నిండుతుంది. ఒకసారి పక్క క్వార్టరతని తాళం తుప్పు పట్టి రాకపోతే నూనె చుక్క నేనే తెచ్చి వేశాను. అతను వరసకు నాకు బావ. గడప మీద కూలబడి, పలాస జీడిపప్పు పొట్లం నా చేతిలో పెట్టి, "మాడిపోనావు బావా. ఒకపాలి మాతో రాలేకపోనావా?" అన్నాడు. ఊళ్ళో అందరూ ఎలా ఉన్నారని అడిగాను.

"ఊళ్ళో ఎవులున్నారు బావా? కుర్రోలంతా ఐదరాబాదు ఒకలు, చెన్నపట్నం ఒకలు. బోటు పనికి గుజరాత్ ఎల్లినోలు ఎల్లినారు. ఈది ఈదంతా తాళాలే. పగలు నేనూ మీ అప్పా ఇంట్లో పేను కింద కూకున్నాం. అక్కడా ఎండే."

మరెందుకు వెళ్ళినట్టు, అన్నాను.

అతను చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, గోడకు జారబడ్డాడు. "పాసుంది కదా," అన్నాడు. "వచ్చేడు నువ్వూ రాయించు."