ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారు?

సినిమాల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని మా వారి గట్టి నమ్మకం. ఆయన అన్నదీ నిజమే. ఏడాదికి మూడో నాలుగో చూస్తాను. అందులో రెండు బంధువుల బలవంతం మీద, ఒకటి టీవీలో సగం నుంచి. డైరెక్టర్ల పేర్లు ఎవరో చెబితే గాని గుర్తు రావు. కాని హాల్లోంచి బయటికొచ్చి ఆటో కోసం నుంచున్నప్పుడు మాత్రం ఏదో ఒక ప్రశ్న పీడిస్తూ వుంటుంది. అది కథకి సంబంధించింది కాదని అందరూ కొట్టిపారేస్తారు.

"ఇంతకీ ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారు?"

ఈ ప్రశ్న పుట్టింది "ఒక్కడు" దగ్గర. గుణశేఖర్ తీసిన ఆ సినిమా 2003 సంక్రాంతికి వచ్చింది. ఇరవై ఏళ్ళయిందని 2023 జనవరిలో మళ్ళీ హాళ్ళలో వేస్తే మా అమ్మాయి నన్ను లాక్కెళ్ళింది. హాలంతా పిల్లలే. అది తీసేనాటికి పుట్టనివాళ్ళు కూడా డైలాగులు ముందే అరిచి చెబుతున్నారు. ఆ గోలలో నా పక్క సీటు ఆవిడ, నేనూ ఇద్దరమే నోళ్ళు మూసుకుని కూర్చున్నాం.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సినిమా కూర్చోబెడుతుంది. మణిశర్మ పాటలు ఇప్పటికీ పాతబడలేదు. ప్రకాష్‌రాజ్ ఆ ఓబుల్‌రెడ్డి వేషంలో ప్రేమ అనే మాటకి వున్న పరువంతా తీసేసి మరీ భయపెట్టాడు. "నాకు నచ్చింది కాబట్టి నాదే" అనే మగవాడిని అంత నిజంగా చూపించినందుకు ఆయనకి దణ్ణం పెట్టొచ్చు. ఇక ఆ చార్మినారు! ఊరి బయట సెట్టు వేశారంటే ఎవరూ నమ్మరు. మాది లాల్ దర్వాజా దగ్గర. మా డాబా మీంచి చూస్తే ఒకప్పుడు చార్మినారు మీనార్లు రెండు కనిపించేవి. ఇప్పుడేదో అపార్టుమెంటు అడ్డమొచ్చి ఒక్కటే కనిపిస్తోంది. అటువంటి నేనే మొదటిసారి చూసినప్పుడు అది సెట్టని పోల్చుకోలేకపోయాను.

అంతవరకూ బాగానే వుంది. కథ మీకు తెలిసిందే. అజయ్ కబడ్డీ ఆటగాడు. ఆట కోసం కర్నూలు వెళ్ళి, అక్కడ స్వప్న అనే పిల్లని ఓబుల్‌రెడ్డి చేతిలోంచి తప్పించి హైదరాబాదు తెచ్చేస్తాడు. తెచ్చి ఎక్కడ పెట్టాడు? తన గదిలో. అమ్మకీ నాన్నకీ తెలియకుండా. ఆ నాన్న కూడా ఎవరో కాదు, పోలీసాఫీసరు!

పోలీసాయనకి తెలియలేదంటే వొప్పుకుంటాను. మగవాళ్ళకి ఇంట్లో సంగతులు తెలియవు. మరి అమ్మకి తెలియలేదా? గీత లాంటి చక్కని నటి తల్లి వేషంలో వుంది. ఆవిడ ఆ ఇంట్లో వంట చేస్తుందా, చేయదా? ఒక్క మనిషి ఎక్కువైతే అన్నం గిన్నె ముందు చెబుతుంది. తర్వాత నీళ్ళ బకెట్టు చెబుతుంది. దండెం మీద తడిబట్టలు చెబుతాయి. స్నానాలగది తూములో పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుంటాయి, కొబ్బరినూనె సీసా ఒక అంగుళం దిగుతుంది. చిన్నప్పుడు మా తమ్ముడు కుక్కపిల్లని తెచ్చి మేడమీద గదిలో దాస్తే అమ్మ సాయంత్రానికల్లా పట్టేసింది, పాలగిన్నెలో ఒక గుక్క తగ్గిందని! అటువంటిది, నిండు యవ్వనంలో వున్న భూమిక అంత పిల్ల రోజుల తరబడి పై గదిలో వుంటే కన్నతల్లికి వాసన రాలేదట. పైగా పాతబస్తీ ఇళ్ళు! ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో "అల్లం కషాయం తాగమ్మా" అంటారు.

"అమ్మా, లాజిక్కులు వెతక్కు, సినిమా చూడు" అని విసుక్కుంది మా అమ్మాయి.

నేను వెతికింది లాజిక్కు కాదు. ఇల్లు వెతికాను. ఆ సినిమాలో చార్మినారు వుంది గాని చార్మినారు కింద ఇల్లు లేదు. గది వుంది, మెట్లు వున్నాయి, దూకడానికి డాబాలున్నాయి. ఇల్లు మాత్రం లేదు. కావాలంటే రుజువు చూపిస్తాను. మరుసటి ఏడే, 2004లో, ఈ కథని అరవంలో "గిల్లి" అని తీశారు. అక్కడ చార్మినారు లేదు కదా, మరేం చేశారు? మద్రాసు సముద్రం ఒడ్డున లైట్‌హౌసు పెట్టారు. అబ్బాయీ అమ్మాయీ రాత్రిపూట ఎక్కి కూర్చోడానికి ఎత్తుగా వుంటే చాలన్నమాట! 2015లో హిందీలో "తేవర్" అని తీసినప్పుడు హీరోని ఆగ్రా కుర్రాడిని చేశారు. కథ ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. పీకి ఇంకోచోట పాతితే వాడిపోనిది మొక్క కాదు, ప్లాస్టిక్ పువ్వు. అందంగానే వుంటుంది, కాదన్ను. 1591లో కట్టిన చార్మినారు ఇప్పటికి ఎన్నో చూసింది, ఇదీ చూసి వూరుకుంటుంది.

పాతబస్తీ మీద తీసిన సినిమాల్లో భాష సరిగ్గా వినిపించింది 2005లో వచ్చిన "ది అంగ్రేజ్"లో. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ, వాళ్ళ గప్పాలు. మా గల్లీ చివర హోటలు ముందు పొద్దున్నే నుంచుంటే వినిపించే మాటలే అవి. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి. కాని గుర్తుండిపోయిన ఆడమనిషి చెప్పమంటే ఒక్కరూ గుర్తు రారు. ఇంత పని లేకుండా రోజంతా ఛాయ్ తాగుతూ కూర్చున్న ఈ భాయీల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతోందో ఎవరూ అడగరు. నాకు తెలుసు ఎలా వెలుగుతోందో. చెబుతాను.

"ఒక్కడు" నేను మొదటిసారి చూసింది 2003లో, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, మ్యాట్నీకి. పక్కన నా చిన్ననాటి స్నేహితురాలు వుంది. పేరు రాయను. మా వెనక గల్లీలో వుండేవాళ్ళు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. వాళ్ళమ్మ లక్క గాజులు చేసేది. కుంపటి మీద లక్క మెత్తబడగానే సాగదీసి, కర్రకి చుట్టి గుండ్రంగా చేసి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ అద్దాలి. ఆ రాళ్ళు అద్దటం నాకు నేర్పింది తనే. ఆలస్యమైతే రాయి అంటదు, తొందరపడితే వేలు కాలుతుంది. డజను చేస్తే వాళ్ళకొచ్చేది రూపాయల్లోనే. లాడ్ బజారులో దీపాల కింద అవే గాజుల ధర వింటే మాకిద్దరికీ నవ్వొచ్చేది.

నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఏడాది తనకి పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు గల్ఫ్ నుంచి వచ్చాడు. గడ్డానికి గోరింటాకు రంగు వేసుకున్నాడు. వాళ్ళ నాన్న కంటే పెద్దవాడు. ఆ రోజు మా అమ్మ గల్లీ వైపు కిటికీ మూసేసి, "మనకెందుకే" అంది. అమ్మ చెడ్డది కాదు. ఆ రాత్రి అన్నం తినలేదు కూడా. కాని కిటికీ మాత్రం మూసింది. ఏడాదిన్నరకి నా స్నేహితురాలు చంకలో ఆడపిల్లతో తిరిగొచ్చి మళ్ళీ కుంపటి ముందు కూర్చుంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ రెండు చేతుల వల్లే. తమ్ముళ్ళిద్దరూ హోటలు ముందే వుండేవారు.

"ఒక్కడు"లో హీరో ఆ పిల్లని అమెరికా పంపడానికి పాస్‌పోర్టు సంపాదిస్తాడు కదా. హాలంతా ఈలలు. తను నా చెవి దగ్గరికి వొంగి, "నాకూ ఒకడు తెచ్చిచ్చిండు పాస్‌పోర్టు. గీ హీరో కంటే జల్దీ తెచ్చిండు" అంది. అని, చేతిలో పాప్‌కార్న్ పొట్లం నాకిచ్చింది. ఆ తర్వాత సినిమా ఏమైందో ఇరవై ఏళ్ళ తర్వాత మా అమ్మాయి తీసుకెళ్తేగాని నాకు తెలియలేదు.

ఆ కథని మాత్రం ఒకాయన సినిమా తీశాడు. సాగర్ సర్‌హదీ, "బాజార్", 1982. హైదరాబాదు కథే. గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బున్న నడివయసువాడికి పడుచుపిల్ల కావాలి. వెతికిపెట్టడానికి వచ్చేది మరో ఆడమనిషి, తన మనిషి మాట కాదనలేక. స్మితా పాటిల్ ఆ వేషం వేసింది. బలయ్యే పిల్ల సుప్రియా పాఠక్. ఆ పిల్లని ప్రేమించిన పేదవాడు ఫారూఖ్ షేక్. ఖయ్యాం సంగీతం, మన మఖ్దూం మొహియుద్దీన్ గజలు. ఆ గజలు తెలియనివాళ్ళు కూడా అది వినిపిస్తే పనాపి నుంచుంటారు. మఖ్దూం 1969లోనే పోయారు, ఈ సినిమాలో తన మాటలు విననే లేదు.

ఈ కథని లైట్‌హౌసుకి మార్చండి చూద్దాం. మారదు. ఎందుకంటే ఇందులో ఇల్లుంది. ఇంట్లో ఎంతమంది తినాలో, ఎంత వస్తుందో, పిల్లని ఇస్తే ఎంత వస్తుందో ఆ లెక్క వుంది. తల్లులు ఏడుస్తూనే లెక్కపెట్టుకుంటారు. ఆ సినిమా వచ్చిన తొమ్మిదేళ్ళకి, 1991లో, హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ పిల్ల ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ ఒకావిడ గమనించి ఆరా తీసింది. పక్కన కూర్చున్న అరవయ్యేళ్ళ సౌదీ మొగుడని తేలింది. దేశమంతా అట్టుడికిపోయింది. అంతమంది ఆ విమానంలో వున్నారు, అడిగింది ఆవిడ ఒక్కతే. నా స్నేహితురాలి పెళ్ళి ఆ గొడవ జరిగిన మరుసటి ఏడు.

మరి "బాజార్" గొప్ప సినిమాయేనా? గొప్పదే, కాని నాకు దాని మీద కోపం వుంది. అందరూ తీరిగ్గా మాట్లాడతారు. బాధొస్తే షాయరీ, కోపమొస్తే షాయరీ. పేదపిల్లకి మాత్రం మాటలు తక్కువ, కళ్ళు ఎక్కువ. చివరికి ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. హాల్లో అందరం కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోతాం. పిల్ల చచ్చిపోతే డైరెక్టరుకి సుఖం. బతికితేనే చిక్కు. బతికి, బిడ్డతో తిరిగొచ్చి, అదే గల్లీలో అదే కిటికీల ముందునుంచి నడిచి, నల్లా దగ్గర బిందె పట్టుకుని నుంచుంటే అప్పుడేం తీస్తారు? ఆ సినిమా ఎవరూ తీయలేదు.

డైరెక్టర్లని అంటున్నాను గాని, నన్ను మాత్రం ఎవరనాలి? కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఎ. చదివే రోజుల్లో యద్దనపూడి నవలలు బెంచీ కింద పెట్టుకుని చదివాను. "జీవన తరంగాలు" 1973లో, "సెక్రటరీ" 1976లో సినిమాలుగా వచ్చాయి. నేను పుట్టకముందు సంగతి. అయినా ఆ హీరోల కార్లు మా గల్లీలోకి వొస్తాయేమోనని ఎదురుచూసేదాన్ని. తర్వాత నేనూ నవలలు రాశాను. నా హీరోయిన్లందరూ బంజారాహిల్స్‌లోనే కాపరం. ఒకమ్మాయికి బాల్కనీలో బోగన్‌విలియా, ఇంకొకమ్మాయికి పియానో. లాల్ దర్వాజాలో పుట్టి పెరిగి, ఏటా బోనాల ఊరేగింపుని గుమ్మంలోంచి చూసే నేను, ఒక్క నవలలోనైనా మా గల్లీని రానివ్వలేదు. కుంపటి సెగ తెలిసిన వేళ్ళతో పియానో గురించి రాశాను. అమ్మ మూసిన కిటికీ నేనూ తీయలేదనుకుంటాను.

కిందటి నెలలో తను మా ఇంటికొచ్చింది. కూతురు నర్సు ఉద్యోగం చేస్తోంది. తన గాజుల పని ఇంకా నడుస్తోంది. హైదరాబాదు లక్క గాజులకి 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చిందని చెబితే, "మంచిదే, రేటు పెరుగుతదా?" అని అడిగింది. ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాను. పేరు రాయనన్నాను. "రాస్తే ఏమైతది?" అంది. ఆపైన ఏమనుకుందో, "రాయకు, పిల్లకి సంబంధాలు చూస్తున్న" అంది.

ఫోన్లో "బాజార్" పెట్టాను. ఇద్దరం గోడకి ఆనుకుని చూశాం. మఖ్దూం గజలు వచ్చినప్పుడు తను గొంతు కలిపి పాడింది. పిల్ల చచ్చిపోయిన చోట మాత్రం కళ్ళు చిట్లించి, "చచ్చిపోయిందా? కైకు?" అంది. నేనేం చెప్పను!

"పాగల్ పిల్ల. ఇంటికొస్తే వాళ్ళమ్మ రెండు రోజులు తిట్టి మూడోరోజు అన్నం పెడుతుండె. మా అమ్మ పెట్టలేదా?"

అని లేచి, చెప్పులేసుకుంటూ, పెళ్ళిళ్ళ సీజను ఆర్డరు నలభై డజన్లు వుందని, రేపు మధ్యాహ్నం ఖాళీ అయితే రాళ్ళు అద్దటానికి రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.